రక్తం ఇమ్మంటున్నారు, ఎందుకు? జబ్బుల మీద పరిశోధనలు, డీఎన్‌ఏ గుర్తింపు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాను. కర్నూలులో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాను. కొన్నేళ్లుగా ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో, అంటే మనుషుల మీద చేసే పరిశోధనకు ఒప్పుకోవాలా వద్దా అని తేల్చే కమిటీలో, సామాన్య సభ్యుడిగా కూర్చుంటున్నాను. కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, వాళ్లలో సగం మంది ఆ ఆసుపత్రికి సంబంధం లేనివాళ్లై ఉండాలి, వైద్యం చదవని మనిషి ఒకరు ఉండి తీరాలి అని రూలు. ఆ ఒకరు నేను. ఈ కుర్చీ పుణ్యమా అని మా వీధిలో ఎవరి చేతికి ఆసుపత్రి కాగితం వచ్చినా నేరుగా మా అరుగు మీదికే వస్తారు. అక్కడ పదేపదే విన్న ప్రశ్నలే ఇవి.

పరిశోధన వేరు, పోలీసుల డీఎన్‌ఏ వేరు కదా. రెండూ ఒక్కచోట ఎందుకు?

జనం కలిపే అడుగుతారు కాబట్టి. "సార్, రక్తం తీసుకున్నారు, సంతకం పెట్టించుకున్నారు, ఎందుకో చెప్పలేదు" అంటూ వచ్చే మనిషిది పరిశోధనా, మామూలు పరీక్షా, పోలీసు కేసా అన్నది కాగితం చూస్తే గానీ తెలియదు. అయితే రెండింటికీ ఒక తేడా ఉంది. పరిశోధనలో మీ పేరు తీసేసి నంబరు వేస్తారు. మార్చురీలో నంబరు వేసి ఉన్న మనిషికి పేరు వెతుకుతారు. చీటీ తారుమారైతే రెండుచోట్లా కొంప మునుగుతుంది.

రీసెర్చ్ అంటే మన మీద ప్రయోగాలేనా?

ప్రయోగమే. ఆ మాట దాచి "ఊరికే చిన్న స్టడీ అమ్మా" అని తీపిగా చెప్పేవాళ్లను చూస్తేనే నాకు అనుమానం.

కాకపోతే అన్నీ ఒక్కటి కావు. కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లో మీకు ఎక్కువగా ఎదురయ్యేది పీజీ డాక్టర్ల థీసిస్ పని. నాలుగు ప్రశ్నలు, ఐదు ఎం.ఎల్. రక్తం, కేసు షీటులోంచి కొన్ని వివరాలు, అంతే. కొత్త మందునో టీకానో మనుషుల మీద పరీక్షించడం వేరే సంగతి. దానికి 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వర్తిస్తాయి. ఢిల్లీలోని డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ అనుమతి కావాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, మొదటి మనిషిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2009 జూన్ నుంచి ఆ నమోదు తప్పనిసరి. నంబరు "సీటీఆర్‌ఐ" అని మొదలై సంవత్సరం, నెల వరుసగా వస్తుంది. ఆ నంబరు అడిగి తీసుకుని మీ పిల్లల చేత ఫోన్‌లో వెతికించండి. రిజిస్ట్రీని ఎవరైనా చూడొచ్చు, పైసా ఖర్చు లేదు.

మన సీమవాళ్లకు ఈ పరిశోధనల వల్ల ఒరిగిందేమిటి?

ఈ ప్రశ్న నాకిష్టం, కొంచెం సాగదీస్తాను.

కడప, అనంతపురం జిల్లాల పాతతరం వాళ్లకు క్షయ అంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం. "ఆరోగ్యవరం పోయినాడు" అంటే మనిషి తిరిగి వస్తాడో రాడో అని అర్థం. 1948లో దేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాను మొదట వేసి చూసిన చోట్లలో ఆ మదనపల్లె ఒకటి. తర్వాత 1956లో మద్రాసులో ఒక ట్రయల్ మొదలుపెట్టారు. క్షయ రోగుల్లో కొందరిని శానిటోరియంలో పెట్టి, మిగతావాళ్లకు ఇంటి దగ్గరే మందులిచ్చి చూశారు. మంచి తిండి, మంచి గాలి, పూర్తి విశ్రాంతి ఉన్న శానిటోరియం వాళ్లూ, ఇరుకింట్లో ఉండి మందులు మింగిన వాళ్లూ దాదాపు సమానంగానే కోలుకున్నారు. ఇంట్లోవాళ్లకు అదనంగా అంటుకున్నదీ లేదు. ఈరోజు మీ ఊరి ఆశా కార్యకర్త టీబీ మాత్రలు గడప దాకా తెచ్చిస్తోందంటే మూలం అక్కడుంది.

అన్నీ ఇలా తీపి కబుర్లు కావు. చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలుపెట్టి రెండున్నర లక్షల మందికి పైగా జనం మీద బీసీజీని పరీక్షించారు. పెద్దవాళ్లకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేదని తేలింది. దాన్ని ఓటమి అంటారు కొందరు. నా దృష్టిలో అది నిజాయితీ. పని చేయదని తెలియడం కూడా తెలియడమే.

దగ్గరి ఉదాహరణ కావాలంటే స్క్రబ్ టైఫస్. పొలం గట్ల మీద, పొదల్లో ఉండే కంటికి కనపడనంత చిన్న పురుగు కుట్టి, చంకలోనో గజ్జల్లోనో బీడీ కాల్చి పెట్టినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. జ్వరం ముదిరితే ప్రాణం మీదికొస్తుంది. రెండు పాత, చవక మందులున్నాయి, డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్. ఏది మేలన్న వాదన ఏళ్ల తరబడి నడిచింది. మనవాళ్లు రాయవేలూరు అనే వెల్లూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) డాక్టర్ల ఆధ్వర్యంలో దేశంలోని ఏడు ఆసుపత్రుల్లో దాదాపు 800 మంది తీవ్ర రోగుల మీద పరీక్షించి 2023లో ఫలితం ప్రకటించారు. ఒక్కో మందు విడిగా ఇచ్చినప్పుడు నూటికి 47, 48 మందిలో చికిత్స అనుకున్నట్టు పనిచేయలేదు. రెండూ కలిపి ఇస్తే ఆ లెక్క 33కు దిగింది. కొత్త మందు కనిపెట్టలేదు, ఉన్నవాటినే సరిగా వాడటం నేర్చుకున్నారు.

బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) నడిపే ఆసుపత్రి సంగతీ చెప్పాలి. ఉమ్మడి అనంతపురం జిల్లా హెచ్‌ఐవీ రోగుల వివరాల ఆధారంగా అక్కడి డాక్టర్లు చేసిన పరిశోధనలు విదేశీ వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. అందులో ఒక్కరి పేరూ ఉండదు. అలాగే ఉండాలి.

సంతకం పెట్టమంటే కాగితంలో ఏం చూడాలి?

ముందు భాష చూడండి. ఒకసారి మా కమిటీ ముందుకు వచ్చిన తెలుగు పత్రంలో "మీరు యాదృచ్ఛికీకరించబడతారు" అని రాసుంది. అన్నేళ్లు తెలుగు చెప్పిన నాకే రెండుసార్లు చదివితే గానీ మింగుడు పడలేదు. పత్రం తెచ్చిన కుర్ర డాక్టరుతో, "నాయనా, ఆదోని మార్కెట్‌లో పత్తి బోరెం దించి వచ్చిన మనిషికి ఇది చదివి వినిపించి రా, అప్పుడు ఒప్పుకుంటాను" అన్నాను. పాపం, నొచ్చుకోలేదు. చివరికి "మీకు ఏ మందు రావాలో డాక్టరు ఎంచరు, లాటరీ తీసినట్టు కంప్యూటర్ తీస్తుంది" అని మార్చాం.

చదివి అర్థం కాకపోతే తప్పు మీది కాదు, రాసినవాళ్లది. ఇవి కనపడాలి: ఎందుకు చేస్తున్నారు, ఎన్నాళ్లు, ఎన్నిసార్లు రక్తం తీస్తారు, ఏ బాధలు రావొచ్చు, చేరకపోతే మామూలు వైద్యం ఏమిటి, ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి. డాక్టరు నంబరుతో పాటు ఎథిక్స్ కమిటీ నంబరు కూడా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, సంతకమయ్యాక ఒక కాపీ మీకివ్వాలి. "ఫైల్లో పెడతాం లే" అంటే ఒప్పుకోవద్దు. ఇంటికి తీసుకెళ్లి అందరితో మాట్లాడి రేపు చెప్తానని అనడానికి మీకు హక్కుంది. బెడ్డు పోతుందేమోనని టెన్షన్ పడి అక్కడికక్కడే సంతకం గీకేవాళ్లే ఎక్కువ.

మా నాయనకు చదువు రాదు, వేలిముద్ర వేసినాడు. చెల్లుతుందా?

చెల్లుతుంది. కాకపోతే పరిశోధనకు సంబంధం లేని సాక్షి ఒకరు పక్కనే ఉండి, అంతా చదివి వినిపించడం చూసి, తనూ సంతకం చేయాలి. వార్డు బాయ్‌ని పిలిచి "ఇక్కడొక సంతకం పెట్టు" అంటే ఆయన సాక్షి కాడు.

బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాయి పనికి పోయేవాళ్ల వేళ్లు అరిగిపోయి గీతలే పడవు. రేషన్ మిషన్ దగ్గర వాళ్ల పాట్లు చూస్తూనే ఉన్నాం. కాగితం మీద ముద్ర మసకగా పడినా, సాక్షి గట్టివాడైతే చాలు.

వీడియో తీస్తామంటున్నారు. ఎందుకు?

పూర్తిగా కొత్త మందు ట్రయల్‌లో నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్లను చేర్చుకునేటప్పుడు, చెప్పిందీ మీరు ఒప్పుకున్నదీ రికార్డు చేయాలని రూలు. మీకు మేలే. హెచ్‌ఐవీ, కుష్ఠు మందుల ట్రయల్స్‌లో మాత్రం ముఖం కనపడకుండా మాట మాత్రమే రికార్డు చేయాలని అదే నియమాల్లో రాశారు. ఆ ఒక్క వాక్యం రాసినవాళ్లెవరో గానీ మన ఊళ్ల సంగతి తెలిసినవాళ్లే.

ఉత్తుత్తి మందు ఇస్తారట, నిజమేనా?

కొన్నిటిలో ఇస్తారు, ముందే చెప్పి. పనిచేసే మందున్న ప్రాణాంతక జబ్బుకు అది ఆపి ఉత్తుత్తి మాత్ర ఇస్తామంటే ఏ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు.

మధ్యలో మానేస్తే మామూలు వైద్యం ఆపేస్తారా?

ఆపకూడదు. కారణం చెప్పాల్సిన పని కూడా లేదు.

మందు వికటిస్తే ఖర్చు ఎవరిది?

ట్రయల్ చేయించే కంపెనీది లేదా సంస్థది. తీవ్రమైనది ఏదైనా జరిగితే డాక్టరు 24 గంటల్లోపు ఢిల్లీలోని డ్రగ్స్ కంట్రోలర్‌కు, కంపెనీకి, ఎథిక్స్ కమిటీకి తెలపాలి. వైద్యం ఉచితం. ట్రయల్ వల్లే జరిగిందని తేలితే ఆపైన పరిహారం. మరణానికి లెక్క 8 లక్షల మూల మొత్తం నుంచి మొదలవుతుంది. వయసును బట్టి, చేరేనాటికి జబ్బు ఎంత ముదిరి ఉందన్నదాన్ని బట్టి పెరుగుతుంది లేదా తగ్గుతుంది. 65 దాటిన ఆరోగ్యవంతుడైతే ఆ సూత్రం ప్రకారం 32 లక్షలు వస్తుంది. ఉత్తర్వు వచ్చిన 30 రోజుల్లో కట్టాలి. ఇది కొత్త మందుల ట్రయల్స్ లెక్క, పీజీ థీసిస్‌కు ఈ సూత్రం వర్తించదు.

బీమా ఏజెంటులా ఈ అంకెలు చెప్పి ఆశ పెట్టేవాళ్లుంటే దూరంగా ఉండండి. దారి ఖర్చులు, పోయిన కూలి ఇవ్వడం మామూలే. అంతకు మించి డబ్బు కనపడితే నేను రెండోసారి చూస్తాను.

నాకు హెచ్‌ఐవీ అని, టీబీ అని ఊరికి తెలిసిపోతుందా?

హెచ్‌ఐవీ విషయంలో 2017 చట్టం గట్టిది. మీరు ఒప్పుకోనిదే పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. పరిశోధన అయినా అంతే. టీబీ వేరు. 2012 నుంచి టీబీ కేసును ప్రైవేటు డాక్టరైనా ప్రభుత్వానికి తెలపాల్సిందే. అది ఊరికి తెలపడం కాదు, నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ పోర్టల్‌లో ఎక్కించడం. పోషణ డబ్బులు మీ ఖాతాలో పడేదీ దాని ద్వారానే.

నిజం చెప్పాలంటే ఊరికి తెలిసేది పోర్టల్ వల్ల కాదు. ఓపీ దగ్గర పేరు పెట్టి గట్టిగా పిలిచే గొంతు వల్ల.

పరిశోధనకిచ్చిన రక్తాన్ని పోలీసులు తీసుకోవచ్చా?

అడగ్గానే ఇచ్చేయడం కుదరదు. గోప్యత నియమానికి మినహాయింపులు కొన్నే, కోర్టు ఉత్తర్వు అందులో ఒకటి. పోలీసులకు కావాలంటే వాళ్ల దారి వాళ్లకుంది. 2022 నాటి నేర విచారణ గుర్తింపు చట్టం వేలిముద్రలు, కనుపాప, జీవ నమూనాల దాకా తీసుకునే అధికారం ఇచ్చింది. ఆ రికార్డులు 75 ఏళ్లు దాచొచ్చు. అది అరెస్టయినవాళ్ల, శిక్ష పడినవాళ్ల సంగతి. తప్పిపోయిన తమ్ముడి కోసం రక్తమిచ్చిన అక్క ఆ లెక్కలోకి రాదు. ఇలాంటి కుటుంబాల డీఎన్‌ఏను ఎలా వాడాలి, ఎప్పుడు చెరిపేయాలి అన్న నియమాలతో 2019లో ఒక బిల్లు తెచ్చారు గానీ, 2023లో వెనక్కి తీసుకున్నారు. ఆ ఖాళీ అలాగే ఉంది. నాకది నచ్చదు.

బస్సు కాలిపోయినప్పుడు డీఎన్‌ఏ తీశారు కదా, అసలేం చేస్తారు?

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున మన చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. అంతకు పన్నెండేళ్ల ముందు, 2013 అక్టోబర్ 30న, ఇదే రహదారి మీద మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర 45 మంది. రెండుసార్లూ ముఖం చూసి చెప్పే పరిస్థితి లేదు. డీఎన్‌ఏ పరీక్షలు చేసి శరీరాలను అప్పగించారు.

పని ఇలా ఉంటుంది. కాలిన శరీరంలో కూడా లోపలి భాగాలు కొన్ని నిలుస్తాయి. దవడ పళ్లు, తొడ ఎముక లాంటివి. పంటి ఎనామిల్ గట్టి పెట్టెలాంటిది, లోపలి గుజ్జును కాపాడుతుంది. ఆ నమూనా తీసి, చల్లగా ఉంచి ల్యాబుకు పంపుతారు. శరీర భాగాలు కుళ్లకుండా వాడే ఫార్మలిన్ ద్రావణంలో వేయకూడదు, వేస్తే డీఎన్‌ఏ పాడవుతుంది. ఇటు కుటుంబం నుంచి ఒకరిని కూర్చోబెట్టి వేలికి సూది గుచ్చి, ప్రత్యేకమైన అట్టముక్క మీద నాలుగు గుండ్రాల్లో రక్తపు చుక్కలు వేసి నీడన ఆరబెడతారు. లేదా బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దుతారు. ఈమధ్య రక్తం ఎక్కించుకున్న మనిషైతే బుగ్గే మేలు. ఫారం మీద ఫోటో అంటించి, చనిపోయినవారికి ఏమవుతారో రాసి, సంతకం, సాక్షి, సీలు.

నా మాటగా ఒకటి: ఆ సీలు వేసే చోట తొందరపెట్టకండి. "త్వరగా కానీండి సార్" అని గొడవ చేసేది మనమే, తర్వాత ఏడ్చేదీ మనమే.

భార్య రక్తం ఎందుకు సరిపోదంటారు?

బంధుత్వం వేరు, రక్తం వేరు. మన డీఎన్‌ఏలో సగం తల్లిది, సగం తండ్రిది. అందుకే అమ్మానాన్నలు గానీ, కన్న పిల్లలు గానీ ఉంటే తేలిక. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పనికొస్తారు గానీ వాళ్లలో ఎంత కలుస్తుందో అదృష్టం. భార్యాభర్తల మధ్య పోల్చడానికేమీ ఉండదు. మేనరికం చేసుకుని ఉంటే కొంత కలుస్తుంది, దాంతో లెక్క ఇంకా చిక్కుపడుతుంది. మనవైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఆ మాట ముందే చెప్పండి. కాకపోతే పిల్లాడితో పాటు తల్లి నమూనా కూడా ఇస్తే, పిల్లాడిలో తల్లిది తీసేసి మిగిలినది తండ్రిదని తేల్చుకోవచ్చు. కాబట్టి భార్య రావడం వృథా ఏమీ కాదు.

పెంచుకున్న కొడుకైతే ఆ సంగతి డాక్టరు చెవిలోనైనా చెప్పండి. చెప్పకపోతే తండ్రి శరీరం తండ్రిది కాదని వస్తుంది.

కన్నవాళ్లు చూసి గుర్తుపడితే చాలదా?

చాలదు. మాకు తెలిసిన ఒక కుటుంబం, ఊరు చెప్పను, రైలు పట్టాల దగ్గర దొరికిన శరీరాన్ని చొక్కా చూసి, నడుముకున్న మొలతాడు చూసి మావాడేనని ఏడ్చి తెచ్చుకుంది. దహనం అయింది, మూడో రోజు పిట్టకు పెట్టడానికి సామాను తెస్తున్నారు. బళ్లారి నుంచి ఫోన్. "అమ్మా, జీతం పడలేదు, ఈ వారం రాను." ఆ తల్లి ఫోన్ చేతిలో పట్టుకుని మాట్లాడలేక మా ఆవిడకిచ్చింది. పండగకు ఒకే కొట్లో కొన్న చొక్కాలు ఊళ్లో ముప్పై మందికి ఉన్నాయని తర్వాత తట్టింది. ఇంతకీ కాలిపోయినవాడు ఎవరో ఈరోజుకీ తెలియదు. అతనికోసం ఎదురుచూసే వాళ్లెక్కడున్నారో.

దేశదేశాల పోలీసులు కలిసి పనిచేసే సంస్థ ఇంటర్‌పోల్ పద్ధతిలో గట్టి ఆధారాలు మూడే: వేలిముద్ర, పళ్లు, డీఎన్‌ఏ. బట్టలు, వాచీ, ముఖం ఊతంగా పనికొస్తాయి. పచ్చబొట్టు కూడా ఊతమే గానీ, పేరు పొడిపించుకున్న పాతకాలపు పచ్చబొట్టయితే వెతుకులాట సగం తగ్గుతుంది. తుంటికో కాలికో వేసిన రాడ్డు, ప్లేటు మీద నంబరు ఉంటే అది బంగారం. అనంతపురం, కడప పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లకు పళ్ల మీద పడే గోధుమరంగు చారలు ఏ ప్రాంతమో చెప్పొచ్చు గానీ, మనిషిని చెప్పవు. ఊరంతటికీ అవే చారలు.

ఆధార్ వేలిముద్ర పెట్టి చూడొచ్చు కదా?

రోజూ అడుగుతారు. కుదరదు. ఆధార్ చట్టం ప్రకారం వేలిముద్రలు, కనుపాపల సమాచారాన్ని ఎవరికీ ఏ కారణంతోనూ ఇవ్వకూడదు. పోలీసులు పోల్చేది నేరస్థుల వేలిముద్రల రికార్డుతో. ఎప్పుడూ కేసు లేని మనిషైతే అక్కడ దొరకడు. మంచివాడిగా బతికినందుకు ఇదో చిక్కు.

అంటురోగంతో పోయిన శరీరాన్ని తాకితే అంటుకుంటుందా?

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడ్డప్పుడు కర్నూలంతా ఇదే భయం. శవాల వల్ల రోగాలు లేస్తాయని. సాధారణంగా వరద తర్వాత ముంచేది మురుగు కలిసిన తాగునీరు, శరీరాలు కాదు. కలరా, ఎబోలా లాంటి కొన్నిటిలో మాత్రం జాగ్రత్త తప్పదు. అసలు ప్రమాదం మార్చురీలో పనిచేసేవాళ్లకు. రంపంతో ఎముక కోసేటప్పుడు లేచే తుంపర్లలో టీబీ ఉండొచ్చు. 2020లో కోవిడ్ మృతులకు కోత పోస్టుమార్టం వీలైనంత వరకు వద్దని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెప్పింది అందుకే.

కాబట్టి మీ మనిషికి టీబీ, హెచ్‌ఐవీ, కామెర్లు ఉండి ఉంటే డాక్టరుకు చెప్పండి. పరువు అంటారు గానీ, గ్లౌజు చిరిగిన చేత్తో కత్తి పట్టుకున్న ఆ మార్చురీ అటెండరుకూ ఇంట్లో పిల్లలుంటారు.

మా వాడు కనపడటం లేదు. స్టేషన్‌కు, మార్చురీకి పోయేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

గుర్తు తెలియని శరీరాన్ని సాధారణంగా 72 గంటలు ఉంచుతారు, ఆ తర్వాత మున్సిపాలిటీ వాళ్ల చేత ఖననం చేయిస్తారు. కాబట్టి "రెండ్రోజులు చూద్దాం" అనుకోవద్దు. రైలెక్కిన మనిషైతే మామూలు స్టేషన్‌తో పాటు గుంతకల్లు లాంటి జంక్షన్లలో రైల్వే పోలీసులను కూడా అడగండి. పేపర్లలో జిల్లా పేజీ అడుగున వచ్చే "చామనఛాయ, నీలిరంగు చొక్కా" చిన్న వార్తలు పక్క జిల్లావి కూడా చూడండి.

ఫోటో పళ్లు కనపడేలా నవ్వుతున్నదైతే మేలు, పెళ్లి ఫోటోలో నోరు మూసుకుని ఉంటాడు. పాత ఎక్స్‌రేలు, పన్ను పీకించుకున్న చీటీ, ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్లండి. తల్లి గానీ తండ్రి గానీ వెంట ఉండాలి. వాళ్లు లేకపోతే అతను వాడిన బ్రష్షు, గడ్డం గీసుకునే బ్లేడు పనికొస్తాయి. వేప పుల్ల వాడే మనిషైతే దువ్వెన చూడండి, కుదురుతో ఊడిన వెంట్రుక ఉంటే అది. ఏదైనా సరే కాగితం కవర్లో పెట్టండి, ప్లాస్టిక్‌లో వేస్తే చెమ్మపట్టి చెడుతుంది. ఇల్లు సర్దుతూ ఆ బ్రష్షు కడిగి పెట్టొద్దని ఇంట్లో ఆడవాళ్లకు ముందే చెప్పండి.